హన్నమ్మ అభ్యంతరం

పందొమ్మిది వందల ఎనభై ఆరో సంవత్సరం జనవరి ఒకటో తేదీన స్పెయిన్, పోర్చుగల్ దేశాలు యూరప్ సముదాయంలో చేరాయి. అంతకు ముందు తొమ్మిదేళ్లుగా ఆ రెండు దేశాలూ దరఖాస్తు పట్టుకుని తిరిగాయట. అదే జనవరిలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డుకు కాస్త లోపల ఉన్న సమాధానపురం అనే పల్లె, పక్కనున్న రాళ్లకొత్తూరు పంచాయతీలో చేరడానికి తిరుగుతూ ఉంది. తిరగడం మొదలుపెట్టి అప్పటికి పదమూడేళ్లు. ఈ విషయంలో స్పెయిన్ మనకంటే బాగా వెనకబడి ఉందని ఒప్పుకోవాలి.

సర్కారు లెక్కలో సమాధానపురం ఏటి అవతలి ఊరి పంచాయతీది. ఏరు పారితే వీళ్లకు పంచాయతీ అందదు. ఏరు ఎండితే పంచాయతీకి వీళ్లు గుర్తుండరు. ఇటు చూస్తే రాళ్లకొత్తూరు కూతవేటు దూరం. అక్కడ వీధి దీపాలున్నాయి, కొళాయి ఉంది, చౌక దుకాణం ఉంది, వీటన్నిటి మీద ప్రెసిడెంటు సుబ్బయ్య ఉన్నాడు. సమాధానపురంలో ఉన్నవి కూలి పనులకు పోయే క్రైస్తవుల ఇళ్లు, రేకుల కప్పు వేసిన గుడి, కొంత కంది చేను, చేను చివర సమాధుల దొడ్డి. పల్లె నెత్తిమీదుగా పెద్ద ఇనుప స్తంభాల మీద కరెంటు తీగలు ఎక్కడినుంచో ఎక్కడికో పోతాయి. వాన తుంపర పడితే అవి గుయ్యిమంటాయి. పల్లె వాళ్లకు విద్యుత్తుతో ఉన్న పరిచయం ఆ మోత ఒక్కటే.

ఈ పల్లె తరఫున చివరి ఏడేళ్లు తిరిగిన మనిషి పేరు హన్నమ్మ.

హన్నమ్మ పుట్టింది సమాధానపురంలోనే గానీ, ఆమెకు లోకజ్ఞానం అబ్బింది నంద్యాలలో, ఒక క్రైస్తవ బడిపిల్లల హాస్టలు వంటింట్లో. భర్త మద్దిలేటి పత్తి మిల్లులో మూటలు మోసేవాడు. క్రైస్తవుడికి మద్దిలేటి అనే పేరేమిటని కొత్తవాళ్లు అడుగుతారు. మద్దిలేటి ఆ వైపు దేవుడు. ఆయన పేరును మతం చూసి పెట్టరు. బిడ్డ బతకాలని పెడతారు.

హన్నమ్మ హాస్టల్లో సంగటి కెలుకుతున్న రోజుల్లో నంద్యాలలో ఒక పెద్ద చర్చ నడుస్తుండేది. నలభై ఏడులో, దేశానికి స్వతంత్రం వచ్చిన సంవత్సరమే, దక్షిణాదిలోని ప్రొటెస్టంటు సంఘాలు చాలా మటుకు కలిసి ఒక్క సంఘమయ్యాయి. నంద్యాల వైపు వాళ్లు చాలామంది మాత్రం మేము రామని బయట నిలబడ్డారు. డెబ్భై ఐదులో గానీ కలవలేదు. ఆ కలిసే ముందు రోజుల్లో కమిటీల మీద కమిటీలు కూర్చునేవి. కమిటీ అన్నాక భోజనం ఉంటుంది. భోజనం అన్నాక హన్నమ్మ ఉంటుంది. ఐక్యత గురించి ఆమె విన్నదంతా వడ్డిస్తూ విన్నదే.

ఆ కమిటీల్లో ఒక ముసలి పెద్ద ఉండేవాడు. ఎవరు ఏ తీర్మానం తెచ్చినా కాదనేవాడు. కాదని, సంగటిలోకి ఊరిబిండి పచ్చడి ఇంకొంచెం వెయ్యమనేవాడు. ఒకరోజు హన్నమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏం తాతా, అందరూ కలుస్తామంటాంటే నీకొక్కనికే ఏం కడుపునొప్పి?"

"నొప్పేం లేదు మ్మే. కలిసేది మంచిదే."

"మరి యాల అడ్డం పడతాండావ్?"

"కలుస్తావా అని నన్ను ఎవురూ అడగల్యా. కలిసినావు పో అని చెప్పినారు. రెండూ ఒకటేనా? నువ్వు నాకు సంగటి పెడతాండావ్. పెట్టమంటావా అని అడిగి పెడతాండావా, నోట్లో కుక్కుతాండావా?"

డెబ్భై ఐదులో అందరూ కలిసిన రోజున ఊరేగింపులో అందరికంటే ముందు నడిచింది ఆ ముసలాయనే. ఇదేందని హన్నమ్మ అడిగితే, "ఇప్పుడు అడిగినారు కదా" అన్నాడు. అడగడానికి వాళ్లకు ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది. ముసలాయన తీరిక గలవాడు.

ఎమర్జెన్సీ పోయిన రెండేళ్లకు మద్దిలేటి పోయాడు. నంద్యాలలో పూడ్చొద్దని, తన నాయన పక్కన పూడ్చమని ముందే చెప్పి పెట్టాడు. హన్నమ్మ ఎద్దుల బండి కట్టించి అతన్ని సమాధానపురం తెచ్చి, చేను చివరి దొడ్డిలో పెట్టి, తనూ అక్కడే ఉండిపోయింది. కొడుకు లారీ మీద తిరిగేవాడు. ఇంట్లో కోడలు లూదియా, ఆమె కుట్టుమిషను. ఏటి అవతలి పంచాయతీలో ఆడవాళ్ల కోటాలో చోటు ఒకటి ఖాళీగా ఉంటే హన్నమ్మను మెంబరుగా వేసుకున్నారు. ఏరు దాటి ఆ మీటింగులకు పోవడం ఎవరి వల్లా కాదని, కాబట్టి ఆమె వల్ల ఏ ఇబ్బందీ ఉండదని వాళ్ల లెక్క. లెక్క తప్పింది. ఆమె చీర మోకాళ్ల దాకా ఎగ్గట్టి ఏరు దాటి పోయి, మమ్మల్ని రాళ్లకొత్తూరులో కలపండని ప్రతి మీటింగులోనూ అడిగి, మళ్లీ దాటి వచ్చేది.

ఎనభై ఆరు వేసవి మొదట్లో ఆ పని దానంతట అదే నడిచి వచ్చింది. మండలాలు కొత్తగా ఏర్పడి, ఏ పల్లె ఎక్కడిదో మళ్లీ గీతలు గీస్తున్న కాలం అది. సుబ్బయ్య స్వయంగా, తెల్లపంచె దుమ్ముకాకుండా పైకి పట్టుకుని, సమాధానపురం గుడి అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. వెంట పోస్టుమాస్టరు రంగయ్య. రాళ్లకొత్తూరులో పేపరు తెప్పించుకునే మనిషి రంగయ్య ఒక్కడే. తక్కిన వాళ్లకు లోకం ఆయన నోటి గుండానే అందేది.

"ఏమే హన్నా" అన్నాడు సుబ్బయ్య. "ఇన్నేండ్లూ మీరు తిరిగినారు. ఇప్పుడు నేనే వచ్చినా. చేరండి. నెల తిరక్కముందే స్తంభాలు నాటిస్తా."

పల్లెలో తక్కిన వాళ్లు సుబ్బయ్యను సామీ అనేవాళ్లు. హన్నమ్మ నంద్యాల అలవాటు కొద్దీ, సాటి మనిషిని పిలిచినట్టు అప్పా అనేది. సుబ్బయ్య దాన్ని ఏడేళ్లుగా సహిస్తున్నాడు.

"సంతోషమప్పా. ఊరికేనా?"

"ఊరికేనే. ఒక చిన్న కాగితం మీద మీరంతా ఒప్పుకుంటే చాలు."

ఆ చిన్న కాగితం సంగతి రంగయ్య విప్పి చెప్పాడు. ఆ చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట అణువిద్యుత్ కేంద్రం పెట్టడానికి వీలుందేమో చూడమని సర్వే వాళ్లను పంపారు. ఇంకో రెండు ఊళ్లు పోటీలో ఉన్నాయి. మా ఊరి జనానికి ఏ అభ్యంతరమూ లేదని ఎవరు ముందు రాసిస్తే వాళ్లకు మొగ్గు. కేంద్రం వస్తే రోడ్లు వస్తాయి, బడి వస్తుంది, కంకర తోలడానికి లారీలు కావాల్సి వస్తాయి. లారీలు సుబ్బయ్యవి. ఈ చివరి సంగతి రంగయ్య చెప్పలేదు, అందరికీ తెలుసు.

"అణువంటే ఏందప్పా?" అంది లూదియా.

"కంటికి కనపడనంత చిన్నది" అన్నాడు రంగయ్య.

"అంత చిన్నదానికి ఎంత జాగా కావాల?"

"ఈ కంది చేలన్నీ. ఆ దొడ్డి కూడా."

లూదియా దొడ్డి వైపు తిరిగి చూసింది.

"మీకు వేరే జాగా ఇస్తారు, ఇండ్లు కట్టిస్తారు" అన్నాడు సుబ్బయ్య.

"దొడ్డిలో ఉండేవాళ్లకు?" అంది హన్నమ్మ.

"సచ్చినోళ్లకేం కావాల్నే?"

"అడిగినావా?"

సుబ్బయ్య నవ్వాడు. తక్కిన వాళ్లూ నవ్వారు. హన్నమ్మ నవ్వలేదు గానీ, కాదని కూడా అనలేదు.

"ఈడ ఏ సంబంధం కలపాలన్నా ఒక పద్ధతుందప్పా" అంది. "మూడు ఆదివారాలు గుడిలో చాటాల. అడ్డం ఉండేవాళ్లు లేసి చెప్పాల. మూడోసారి కూడా ఎవురూ లేవకపోతే ఖాయం. పెండ్లికి అంతే, దీనికీ అంతే."

సుబ్బయ్య గుడి ఉపదేశి యోహాను వైపు తిరిగాడు. ఉపదేశి అంటే ఆ పల్లెలో ప్రార్థన చేయించేవాడూ, బడి చెప్పేవాడూ, ఉత్తరాలు చదివిపెట్టేవాడూ అంతా అతనే.

"ఏం యోహానూ, అట్ల చాటినప్పుడు ఎప్పుడన్నా ఎవురన్నా అడ్డం చెప్పినారా?"

యోహాను నిజాయితీగా ఆలోచించాడు. "నా కాలంలో లేదు సామీ. మా నాయన కాలంలో కూడా లేదు. చాటేటప్పుడు ఆడోళ్లు పిల్లోళ్లకు పాలిస్తాంటారు."

"అయితే చాటు" అన్నాడు సుబ్బయ్య. "మూడు కాదు, ఆరు చాటుకో."

చరిత్రలో పెద్ద పెద్ద ఒడంబడికలు ఇంతకంటే తక్కువ ఆలోచనతో కుదిరాయి కాబట్టి సుబ్బయ్యను తప్పు పట్టలేం.

ఆ సాయంత్రం ఇంట్లో యుద్ధం మొదలైంది. లూదియా మిషను వాకిట్లో పెట్టుకుని పొద్దు గూకే దాకా కుడుతుంది. పొద్దు గూకాక బుడ్డి వెలుతుర్లో కుడుతుంది. పోయిన నెల సూది వేలి గుండా దిగింది. ఆ వేలు చూపిస్తూ మాట్లాడింది.

"అత్తా, నిజం చెప్పు. నీకు లైటు ఇష్టం లేదా?"

"ఎవురన్నారు?"

"మరి ఈ చాటింపు ఏంది? ఏడేండ్లు నువ్వే ఏరు దాటితివి. ఇప్పుడు ఆయప్ప కాళ్ల కాడికి వచ్చి ఇస్తాంటే, పెండ్లికూతురి మాదిరి ముఖం తిప్పుకుంటాండావ్."

"ఇస్తాండాడా, అమ్ముతాండాడా?"

"ఏదో ఒకటి. నాకు దారం కనపడాల."

"కనపడాల" అని ఒప్పుకుంది హన్నమ్మ. "అందుకే చాటమన్నా. నా మాటొక్కటే చెల్లాలంటే అరుగు మీదనే కాదని చెప్పుందును. నీకిష్టమైతే కూచో. ఇష్టం లేకపోతే లెయ్. నిన్ను కూడా అడగాల గదా."

లూదియా కోపంగా మిషను తిప్పింది. ఆ రోజు కుట్టిన జాకెట్టు చేతులు రెండూ ఒకే వైపు వచ్చాయి.

ఏప్రిల్ ఇరవైన మొదటి చాటింపు జరిగింది. యోహాను పెళ్లి చాటింపు పుస్తకంలోని మాటలే తీసుకుని పేర్లు మార్చాడు: "సమాధానపురమునకును రాళ్లకొత్తూరునకును జరుగబోవు ఐక్యతకును, అణువిద్యుత్ కేంద్రమునకు స్థలమిచ్చుటకును ఎవరికైనను న్యాయమైన ఆటంకము తెలిసినయెడల తెలియజేయవలెను. ఇది మొదటి చాటింపు." ఎవరూ లేవలేదు. హన్నమ్మ కూడా లేవలేదు. ఆడవాళ్లు పిల్లలకు పాలిస్తూనే ఉన్నారు.

ఆ వారంలో సుబ్బయ్య రంగయ్యను పంపాడు, హన్నమ్మకు లోకం పోకడ చెప్పి మనసు మెత్తబరచమని. రంగయ్య మంచి మనిషి, కానీ ఆయనలో ఒక లోపం ఉంది. తనకు తెలిసిన సంగతి ఏదైనా సగంలో ఆపలేడు.

"చూడమ్మా హన్నమ్మా, లోకమంతా కలిసిపోతాండాది. స్పెయిన్ లేదూ, పోర్చుగల్ లేదూ, తొమ్మిదేండ్లు బతిమాలుకుని చేరినారు."

"వాళ్లనూ జాగా ఇమ్మన్నారా, అణువుకు?"

"లేదు లేదు. స్పెయినోళ్లయితే కడతాండేవి కూడా కొన్ని రెండేండ్ల కిందట ఆపుకున్నారు."

"ఆపుకున్నా చేర్చుకున్నారా?"

"చేర్చుకున్నారు." రంగయ్యకు తను ఎటు పోతున్నాడో లీలగా తెలుస్తోంది. ఆగలేకపోయాడు. "అంతెందుకు, ఆస్ట్రియా అని ఒక దేశముంది. అణుకేంద్రం పూర్తిగా కట్టేసినారు. ఇంక మీట నొక్కడమే. అప్పుడు జనాన్ని ఓటడిగినారు, కావాల్నా వద్దా అని. వెంట్రుకవాసి తేడాతో వద్దన్నారు. డెబ్భై ఎనిమిదిలో మాట. ఇప్పటికీ అది అట్లనే తాళమేసి ఉంది."

హన్నమ్మ చేతిలోని చాట కింద పెట్టింది.

"కట్టేసినంక అడిగినారా?"

"ఆ."

"కట్టేసినంక కూడా వద్దనొచ్చా?"

"అనొచ్చన్నమాట" అన్నాడు రంగయ్య నీరసంగా.

"మంచిదే అప్పా. మజ్జిగ తాగిపో."

రంగయ్య మజ్జిగ తాగి వెళ్లి, హన్నమ్మ బాగా మెత్తబడిందని సుబ్బయ్యకు చెప్పాడు.

ఇరవై ఏడున రెండో చాటింపు కూడా నిశ్శబ్దంగా గడిచింది. సుబ్బయ్యకు ధైర్యం వచ్చింది. మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కి, శిల్పి శేషయ్య దగ్గరికి పోయి శంకుస్థాపన ఫలకం పురమాయించాడు. శేషయ్య కొట్టం ముందు సగం చెక్కిన ఆంజనేయుళ్లు, తల లేని నందులు ఎండలో నిలబడి ఉన్నాయి. ఫలకం మీద సుబ్బయ్య పేరు అరచేయంత అక్షరాలతో, కింద తేదీకి ఖాళీ, దాని కింద 'సమాధానపురం గ్రామస్థుల సంపూర్ణ ఆమోదముతో' అని ఉండాలన్నాడు.

"ఆమోదం అయిపోయినట్లేనా సామీ?" అన్నాడు శేషయ్య.

"వచ్చే ఆదివారం అయితాది."

"అట్లయితే ఆ మాట ఆఖర్న చెక్కుకుందాం. విగ్రహానికి కండ్లు ఆఖర్న గదా తెరుస్తాం. తక్కిందంతా తేలినంకనే తెరవాల. ముందే తెరిస్తే రాయి మనల్నే చూస్తాంటాది."

"ఇది విగ్రహం కాదు, ఫలకం. చెక్కు."

శేషయ్య చెక్కాడు.

సుబ్బయ్య ఆళ్లగడ్డ నుంచి తిరిగి వచ్చిన మర్నాడో మరునాటి మర్నాడో రేడియోలో వార్త వచ్చింది. రష్యాలో చెర్నోబిల్ అనే చోట అణుకేంద్రం పేలిందట. పేపరు వచ్చాక రంగయ్య దాన్ని పట్టుకుని పరుగున సుబ్బయ్య ఇంటికి పోయాడు. సుబ్బయ్య పేపరు మడిచి పక్కన పెట్టాడు. "రష్యావోళ్లు రష్యావోళ్లే, మనోళ్లు మనోళ్లే" అన్నాడు. విదేశాంగ విధానాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాళ్లు తక్కువ.

యోహాను కూడా ఆ వార్త విని హన్నమ్మ దగ్గరికి వచ్చాడు.

"పెద్దమ్మా, నువ్వు లేస్తావని నాకు తెలుసు. లేస్తే ఇదే చెప్పు. గాలి విషమయిందంట, పాలు పారబోసినారంట."

"నువ్వు చూసినావా?"

"రేడియోలో చెప్పినారు."

"నాకు అణువు తెలీదు యోహానూ. గాలి తెలీదు. నాకు తెలియంది నేను గుడిలో నిలబడి చెప్పను. తెలిసిందొకటుంది. అదే చెప్తా."

మే నాలుగో తేదీ మూడో ఆదివారం. ఎండ రేకుల మీద చిటపటలాడుతోంది. సుబ్బయ్య గుడికి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. వెంట సర్వే ఇంజనీరును జీపులో తెచ్చాడు. కోస్తా వైపు మనిషి, చెమటలో నానిపోయి ఉన్నాడు. దారిలో కాలువ దగ్గర జీపు ఆపించి, "కేంద్రానికి నీళ్లు బాగా కావాలి. దీంట్లో ఏడాది పొడవునా ఉంటాయా అండీ?" అని అడిగాడట. "నిండుగా సార్" అన్నాడట సుబ్బయ్య. ఆ సమయానికి కాలువలో మేకలు పడుకుని నెమరు వేస్తున్నాయి.

ఇద్దరికీ ముందు వరసలో కుర్చీలు వేశారు. బిస్కెట్లు, పూలదండ ఒక పళ్లెంలో సిద్ధంగా ఉన్నాయి. ప్రార్థన అయ్యాక యోహాను కాగితం తీశాడు. గొంతు సరిచేసుకుని, రెండుసార్లు చదివిందే మూడోసారి చదివి, చివర "ఇదే కడపటి చాటింపు" అన్నాడు.

ఆడవాళ్లు ఆ రోజు పాలివ్వడం లేదు.

హన్నమ్మ లేచింది.

"నాకు ఆటంకం తెలుసు" అంది.

సుబ్బయ్య వెనక్కి తిరిగాడు. "కూచోవే హన్నా. ఎందుకు లేని పేచీ?"

"ఇది గుడప్పా. ఈడ కూచోమని చెప్పేది యోహాను."

యోహాను ఆమెను కూర్చోమనలేదు. పుస్తకం తిరగేసి, "ఆటంకమేదో చెప్పవలెను" అన్నాడు.

"పెండ్లికి అడ్డం ఏందంటే, వాళ్లలో ఒకరికి ముందే పెండ్లి అయ్యుండడం" అంది హన్నమ్మ. "ఈ చేనుకు ముందే అయింది. నా మొగుడు దాంట్లో ఉన్నాడు. మా మామ ఉన్నాడు. ఈడ కూచున్నోళ్లందరి మనుషులూ ఆడ ఉన్నారు. బతికినన్ని దినాలూ వాళ్లను ఎవురూ ఏదీ అడగల్యా. దున్నమంటే దున్నినారు, మొయ్యమంటే మోసినారు. సచ్చినంకన్నా అడగాల గదా. రాళ్లకొత్తూరులో కలిసేదానికి నాకు అడ్డం లేదు. ఇష్టం. జాగాతో ముడేసి కలవమంటే మాత్రం నాకు అభ్యంతరం. కరెంటు మా నెత్తిమీద ఇన్నేండ్లు పోతాండాది, ఒక్కనాడు కిందికి దిగల్యా. మా కాళ్ల కింద పుట్టినా మాకు దిగుతాదని ఏం నమ్మకం?"

"సార్, ఇది ఒక్కత్తె మాట" అన్నాడు సుబ్బయ్య ఇంజనీరుతో. "తక్కినోళ్లంతా ఆమోదమే."

"ఒక్కరు చెప్పినా రాసుకోవాలండీ" అన్నాడు ఇంజనీరు. నుదురు తుడుచుకుని జేబులోంచి కలం తీశాడు. "ఇంకెవరికైనా ఉందా అమ్మా?"

లూదియా లేచింది. సుబ్బయ్య ముఖం వికసించింది. అత్తాకోడళ్ల యుద్ధం పల్లె దాటి రాళ్లకొత్తూరు దాకా వినబడినదే.

"నాకు లైటు కావాల" అంది లూదియా.

"చూసినారా సార్."

"మా అత్త మాటకు అడ్డం చెప్పాలనే ఈ పొద్దు వచ్చినా. కానీ ఆయమ్మ నన్ను అడిగింది. కూచుంటావో, లేస్తావో నీ ఇష్టమనింది. సామి మమ్మల్ని అడగల్యా. మాకు అభ్యంతరం లేదని ఆయప్పే చెప్తాండాడు. నాకుంది. రాసుకోండి సార్. లూదియా. మిషను కుడతా."

ఆ తర్వాత ఎవరు ముందు లేచారో, ఎవరు వెనక లేచారో ఇంజనీరు రాసుకోలేకపోయాడు. కూర్చున్న వాళ్లను రాసుకోవడం సులువని చివరకు అటు చూశాడు. సుబ్బయ్య ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

దండ ఎవరికీ వెయ్యలేదు. బిస్కెట్లు మాత్రం పిల్లలు తిన్నారు.

పోతూ పోతూ సుబ్బయ్య గుమ్మం దగ్గర ఆగి, "బుడ్డి దీపాలతోనే సావండి" అన్నాడు. "చేరికా లేదు, ఏమీ లేదు."

"పదమూడేండ్లు చూసినోళ్లం. ఇంకో పదమూడు చూస్తాం" అంది హన్నమ్మ. "నంద్యాలోళ్లు ఇరవై ఎనిమిది చూసినారు."

జీపు మళ్లీ రాలేదు. ఎందుకు రాలేదన్నదాని మీద మూడు వాదాలున్నాయి. చెర్నోబిల్ వల్ల అని రంగయ్య అన్నాడు. కాలువలో మేకల వల్ల అని జీపు డ్రైవరు చెప్పాడట. హన్నమ్మ వల్ల అని సమాధానపురం అంది. హన్నమ్మ ఏ వాదంలోనూ చేరలేదు.

అయితే గెలిచిన వాళ్లకు దీపం రాలేదన్నది కూడా రాయాలి. ఆ వానాకాలమంతా లూదియా బుడ్డి పెట్టుకునే కుట్టింది. రాళ్లకొత్తూరు వాళ్లు కొన్నాళ్లు కూలికి పిలవలేదు. చౌక దుకాణంలో కిరసనాయిలు అయిపోయిందని చెప్పేవాళ్లు. హన్నమ్మ వల్లనే ఇదంతా అని పల్లెలోనే ఇద్దరు ముగ్గురు గొణిగారు. ఆమె వాళ్ల ఇళ్ల ముందే ఆగి, "మళ్లీ చాటమంటారా? లేసి చెప్తారా?" అని అడిగేది. గొణుగుడు లోపలికి పోయేది. ఏరు తగ్గగానే మళ్లీ చీర ఎగ్గట్టి అవతలికి పోయి, మమ్మల్ని రాళ్లకొత్తూరులో కలపండని అడిగి వచ్చేది.

మరుసటి ఏడాది మండలాలకు ఎన్నికలు వచ్చాయి. సుబ్బయ్య అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. ఓటు ఏటికి ఏ పక్కనున్నా ఓటే. రాళ్లకొత్తూరు లోపలే రెండు పార్టీలయ్యాయి. సమాధానపురం ఎటు మొగ్గితే అటు గెలుపని రంగయ్య లెక్క తేల్చాడు. సుబ్బయ్య మళ్లీ తెల్లపంచె పట్టుకుని గుడి అరుగు దగ్గరికి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"హన్నా, జరిగిందేదో జరిగింది. ఏ షరతూ లేదు. జాగా మాటే లేదు. ఊరికే చేరండి. రేపే తీర్మానం చేయిస్తా."

"సంతోషమప్పా. చాటాల గదా."

"చాటుకో. ఈసారి నేను గుడికి రాను."

"ఈడ ఎట్లాగూ చాటుతాం. ఆడ కూడా చాటాల."

"యాడ?"

"రాళ్లకొత్తూరులో. పెండ్లికి రెండు పక్కలా చాటుతారప్పా. పిల్లది ఏ గుడిదో ఆ గుడిలో, పిల్లోడిది ఏ గుడో ఆ గుడిలో. పోయినసారి నువ్వు మా జాగా కోసమే వచ్చినావని ఈడ మాత్రం చాటినాం. ఈసారి మేము మీలో చేరతాండాం. మీకేమన్నా అభ్యంతరముందేమో మేము కూడా తెలుసుకోవాల గదా. మూడుసార్లు. చావడి ముందర, అందరూ ఉన్నప్పుడు."

సుబ్బయ్య పట్టుకున్న పంచె కొస వదిలేశాడు. మనసులో అభ్యంతరాలు ఎన్ని ఉన్నా, ఎవరూ ఎప్పుడూ పేరు పెట్టి అడగకపోవడం వల్లనే రాళ్లకొత్తూరు ఇన్నేళ్లుగా మర్యాదగా ఉంటూ వచ్చింది. అది ఆయనకు తెలుసు. పోలింగు ఇంకా నెలే ఉందన్నదీ తెలుసు.

"నీకు ఇదెవరు నేర్పినారే?"

"సంగటి వడ్డిస్తా నేర్చుకున్నా."

రాళ్లకొత్తూరు చావడి ముందు దండోరా రెండుసార్లు పడింది. ఎవరూ నోరు విప్పలేదు. మూడోసారికి హన్నమ్మ స్వయంగా వచ్చింది. వెంట లూదియా, యోహాను, వెనక సమాధానపురంలో నడవగలిగిన వాళ్లంతా. ఎప్పుడూ చావడి పక్కన తలవంచుకుని పోయేవాళ్లు చావడికి ఎదురుగా నిలబడ్డారు. అరుగు మీద రాళ్లకొత్తూరు పెద్దలు వరసగా కూర్చుని, ఎవరి పంచె అంచు వాళ్లు చూసుకుంటున్నారు. చాటింపు చదవడానికి రంగయ్యకు మించిన గొంతు లేదని అందరూ ఆయన్నే నిలబెట్టారు. ఆయన పేపరు చదివినట్టే గంభీరంగా చదివాడు.

"సమాధానపురం మన ఊళ్లో చేరుతాండాది. ఎవురికన్నా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పాల. ఇదే ఆఖరు."

పెళ్లి చాటింపులో ఉపదేశి రెండు ఊపిరులు ఆగి పుస్తకం మూసేస్తాడు. హన్నమ్మ అంత తొందరగా మూయనివ్వలేదు. రంగయ్య కాగితం మడవబోతే చెయ్యి ఎత్తి ఆపింది. అరుగు ఈ కొస నుంచి ఆ కొస దాకా, ఒక్కొక్క ముఖం ముందూ కాస్సేపు ఆగుతూ చూసుకుంటూ పోయింది. ఎక్కడో ఎద్దు గిట్ట రాయికి తగిలిన చప్పుడు వినబడింది.

అరుగు చివర ఉన్న ఒక ముసలి రైతు దగ్గాడు.

"ఏందప్పా?" అంది హన్నమ్మ. "అభ్యంతరమా?"

ముసలాయన సుబ్బయ్య వైపు చూశాడు. సుబ్బయ్య తీగల వైపు చూశాడు.

"దగ్గు" అన్నాడు ముసలాయన. "ఉత్త దగ్గే హన్నమ్మా."

"మంచిది. అయితే ఇంకొంచెంసేపు చూస్తాం" అంది ఆమె. అందరూ అలాగే నిలబడ్డారు.

ఎన్నికలకు ముందే చేరిక తీర్మానమైంది, సమాధానపురానికి స్తంభాలు వచ్చాయి, కొళాయి కూడా వచ్చింది. కొళాయి కింద బట్టలు ఉతకడానికి బండ కావాలంటే, తన కొట్టంలో ఎవరూ తీసుకుపోని ఒక రాయి దారికి అడ్డంగా ఉందని శేషయ్య ఆళ్లగడ్డ నుంచి బండి మీద పంపాడు. నున్నటి వైపు పైకి వేశారు. అక్షరాలున్న వైపు నేలలోకి పోయింది. ఆ బండ మీద మొదటి బట్ట ఉతికింది లూదియా. ఉతుకుతావా అని హన్నమ్మ అడిగిన తర్వాతే.